ఎనిమిది రేకుల మంచుపువ్వు: పిల్లల పేజీకి ఒక విన్నపం

సంపాదకులు గారికి,

నమస్కారం.

గడచిన ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో, చలికాలంలో పసివాళ్లను ఇంటిపట్టున ఉంచి ఆడించడానికి పనికివచ్చే కొన్ని చేతిపనులను బొమ్మలతో సహా ప్రచురించారు. వాటిలో మొదటిది కాగితపు మంచుపువ్వు. నలుచదరపు కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి, ఆపైన మూల నుంచి మూలకు మడిచి, అంచుల్లో గాట్లు పెట్టి విప్పమన్నారు. ఆరేళ్ల మా మనవరాలు, నేను కూర్చుని మీరు చెప్పినట్టే చేశాం. విప్పి చూస్తే ముచ్చటైన పువ్వే వచ్చింది. కాని రేకులు లెక్కపెడితే ఎనిమిది ఉన్నాయి. ఆకాశం నుంచి రాలే మంచుపువ్వుకు ఎనిమిది రేకులు ఉండవు. సాధారణంగా ఆరు ఉంటాయి. అరుదుగా మూడో పన్నెండో కనిపించవచ్చు గాని నాలుగు, ఎనిమిది మాత్రం కనబడవు.

ఇంత చిన్న విషయానికి సంపాదకులకు ఉత్తరం రాయాలా అని మా ఇంట్లోనే అడిగారు. నేను ఇరవై ఆరేళ్లు శిశుతరగతులకు పాఠాలు చెప్పి విరమించినదాన్ని. పాఠాలు చెప్పాననడం కంటే వాళ్లతో ఆడాననడమే సబబు. ఇప్పుడు పగలంతా నా దగ్గర ఇద్దరు మనుమలు ఉంటారు, పెద్దదానికి ఆరేళ్లు, చిన్నవాడికి మూడు నిండాయి. కాబట్టి పిల్లల పేజీలో అచ్చయ్యే ప్రతి చేతిపనీ మా ఇంట్లో ఆ వారమే పరీక్షకు వస్తుంది. ఆ పరీక్షల్లో నెగ్గినవి తక్కువ. ఎందుకు నెగ్గడం లేదో ఆలోచించగా నాకు తోచిన సంగతులను మీ ముందు ఉంచాలనే ఈ ఉత్తరం.

ముందు మంచుపువ్వు సంగతి ముగిస్తాను. నలుచదరపు కాగితానికి బదులు ఒక పళ్లెం బోర్లించి గీసుకున్న గుండ్రటి కాగితం తీసుకోవాలి. దాన్ని సగానికి మడిస్తే అర్ధచంద్రం వస్తుంది. ఆ అర్ధచంద్రాన్ని మూడు సమభాగాలుగా, ఒకదాని మీద ఒకటి వచ్చేలా మడిస్తే పొట్లం ఆకారం వస్తుంది. దాన్ని మరొక్కసారి నిలువుగా సగానికి మడిస్తే పన్నెండు పొరల సన్నని ముక్క చేతికొస్తుంది. దాని అంచుల్లో ఎలా కత్తిరించినా విప్పినప్పుడు ఆరు రేకులే వస్తాయి. ఇక్కడ ఒక చిక్కుంది. పన్నెండు పొరల మందపు కాగితం పిల్లల మొండి కత్తెరకు లొంగదు, చివరికి కత్తెర పెద్దల చేతికి పోతుంది. చార్టు కాగితం వద్దు, పాత వార్తాపత్రిక చాలు. మీ పత్రిక కాగితం ఈ పనికి ఎంతో యోగ్యమైనదని సవినయంగా మనవి చేస్తున్నాను. చేతులకు కొంచెం సిరా అంటుతుంది, అంతే. నాలుగేళ్లవాళ్లయితే చివరి మడత మానేసి ఆరు పొరల దగ్గరే ఆపవచ్చు.

ఆరు అనే అంకె మీద నేను ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. 1611లో జొహానెస్ కెప్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన కోటు మీద రాలిన మంచుపువ్వులను చూసి, ఇవి ఐదు మూలలతోనో ఏడు మూలలతోనో పడకుండా ఎప్పుడూ ఆరు మూలలతోనే ఎందుకు పడుతున్నాయని ఆలోచించి, ఆ ఒక్క ప్రశ్న మీద చిన్న పుస్తకమే రాశాడు. కచ్చితమైన జవాబు ఆయనకు దొరకలేదు, దొరికే కాలమూ కాదది. నీరు గడ్డకట్టేటప్పుడు దాని అణువులు షడ్భుజి ఆకారపు అల్లికలో కుదురుకుంటాయని మూడు శతాబ్దాల తరువాత గాని తెలియలేదు. ఈలోగా అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు రైతుబిడ్డ విల్సన్ బెంట్లీ, పదిహేనో ఏట తల్లి ఇచ్చిన సూక్ష్మదర్శినితో మంచును చూడడం మొదలుపెట్టి, దానికి కెమెరా తగిలించి 1885 జనవరి 15న మొదటిసారి ఒక మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడు. 1931లో చనిపోయేలోగా ఆయన తీసిన అలాంటి ఫొటోలు ఐదువేలకు పైమాటే. ఈ కథంతా ఆరేళ్ల పిల్లకు అర్థమవుతుందా అంటే, అణువులు అర్థం కావు గాని, ఒక పెద్దాయన తన కోటు మీద పడ్డ మంచును లెక్కపెట్టాడనేది బాగా అర్థమవుతుంది. మా మనవరాలు ఆ తరువాత కంటికి కనిపించిన ప్రతి పువ్వుకూ రేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కత్తెరపని ఒక ప్రశ్నకు దారితీసింది. ఎనిమిది రేకుల పువ్వు ఆ ప్రశ్నను పుట్టకుండానే చంపేస్తుంది.

మన భాషలో ఇంకో తమాషా ఉంది. ఆకు మీది నీటిబొట్టును మంచు అంటాం, తెల్లవారుజామున దారి కనపడకుండా కమ్మే దాన్నీ మంచే అంటాం, కొండల మీద కురిసేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచుగడ్డే. మూడేళ్ల మనవడు కిటికీలోంచి పొగమంచును చూసి, దాన్ని గిన్నెలో పెట్టి ఇమ్మని అడిగాడు. మంచు బొమ్మలు వేయమని పిల్లల పేజీలో రాసేటప్పుడు ఏ మంచో ఒక మాట చెబితే బాగుంటుంది. మంచు కురిసే చోటు చూడని పిల్లలు కూడా ఈ పేజీ చదువుతారు కదా.

ఇక అసలు విషయానికి వస్తాను. మంచుపువ్వు పక్కనే దూదితో చేసిన మంచుమనిషి ఫొటో వేశారు. చూడముచ్చటగా ఉంది. దానికి కావలసిన వస్తువులు పద్నాలుగు, అందులో ఒకటి వేడి జిగురు తుపాకి. ఆ మంచుమనిషిని మూడేళ్ల పిల్లవాడు చేయలేడు, ఆరేళ్ల పిల్లా చేయలేదు. తల్లి చేస్తుంది, పిల్లలు పక్కన కూర్చుని దూది అందిస్తారు. ఫొటోలో ఉన్నట్టు రావాలన్న ఆరాటం మొదలుకాగానే పిల్లవాడి చేయి అడ్డమనిపిస్తుంది. 'ఉండు, పాడుచేస్తున్నావు, నేను అతికిస్తాను' అనే మాట ఎంత ఓర్పుగల ఇంట్లోనైనా ఐదు నిమిషాల్లో వినపడుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను గనుకనే చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, తరగతిలోని ముప్ఫైమందీ ఒకేలాంటి కాగితపు చెట్టు అతికించేలా ముక్కలన్నీ ముందురాత్రే కత్తిరించిపెట్టుకునేదాన్ని. గోడ మీద ముప్ఫై చెట్లు బారులు తీరి ఉంటే తల్లిదండ్రులు మెచ్చుకునేవారు. ఒకరోజు ఒక పిల్లవాణ్ణి నీ చెట్టు ఏదిరా అని అడిగాను. గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, 'అన్నీ మీవే కదా టీచర్' అన్నాడు. వాడికి ఎగతాళి తెలిసే వయసు కాదు. ఉన్న సంగతే చెప్పాడు.

ఆనాటి నుంచి నేను పట్టుకున్న సూత్రం ఒకటే. పసివాళ్ల చేతిపనిలో చివరకు వచ్చే వస్తువుకు విలువ తక్కువ, చేతులు చేసే పనికి విలువ ఎక్కువ. 1837లో జర్మనీలో పసిపిల్లల కోసం ఆటల కేంద్రం తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ పిల్లల చేతికిచ్చిన మొదటి ఆటవస్తువు ఊలుతో అల్లిన ఆరు రంగుల బంతులు. వాటితో ఏదీ తయారుకాదు. పట్టుకోవడం, దొర్లించడం, దాచడం, వెతకడం మాత్రమే. కాగితం మడవడం, కత్తిరించడం, అల్లడం వంటి పనులు ఆయన పద్ధతిలో ఆ తరువాత వస్తాయి.

మెచ్చుకోలు విషయంలోనూ ఒక మాట చెప్పాలి. బొమ్మలు పంపిన పిల్లలకు బహుమతులు ఇస్తామని మీ పేజీ ప్రతివారం ప్రకటిస్తోంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, రంగు పెన్నులతో బొమ్మలు వేయడం అప్పటికే ఇష్టపడే శిశుపాఠశాల పిల్లలను మూడు గుంపులు చేసి పరిశీలించారు. బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, కొద్ది రోజుల తరువాత ఎవరూ చెప్పకుండా వదిలేసినప్పుడు ఆ పెన్నులతో గడిపిన సమయం మిగతా పిల్లలు గడిపిన దానిలో దాదాపు సగమే. ముందు చెప్పకుండా చివర్లో ప్రశంసాపత్రం అందుకున్న వాళ్లలో ఆ తగ్గుదల లేదు. బహుమతులు మానేయమని నేను అనను. పదేళ్లు దాటినవాళ్లకు ఇవ్వండి. పసివాళ్ల బొమ్మలను మాత్రం పోటీ లేకుండా అచ్చువేయండి.

చలికాలపు ఆటలని పేరుపెట్టినప్పుడు ఆ కాలంలో మాత్రమే కుదిరేవి, లేదా ఆ కాలంలో బాగా కుదిరేవి ఉండాలని నా కోరిక. మన పేజీల్లో వచ్చేవి చాలావరకు ఏ కాలంలోనైనా చేసుకోదగినవే. దూది అతికిస్తే అది చలికాలపు పని అయిపోతుందని ఎందుకనుకుంటామో తెలియదు. చలి తనంతట తాను తెచ్చే ఆటవస్తువులు ఇంట్లో ఎన్నో ఉన్నాయి, వాటికి ఖర్చూ లేదు.

ఉదాహరణకు మంచుగడ్డ. ఒక ప్లాస్టిక్ గిన్నెలో అడుగున ఎండుటాకో చిన్న బొమ్మో వేసి నీళ్లు పోసి, గడ్డకట్టేంత చలి ఉన్న చోట రాత్రి ఆరుబయటా, లేనిచోట ఫ్రిజ్‌లోనూ పెడితే మరునాటికి ఆడుకునే వస్తువు సిద్ధమవుతుంది. రాత్రి పెట్టేటప్పుడు నీటిమట్టం దగ్గర గిన్నె మీద పెన్నుతో గీత పెట్టమనండి. పొద్దున చూస్తే గడ్డ ఆ గీత దాటి పైకి వచ్చి ఉంటుంది, ఎందుకంటే నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. గాజు పాత్రలో పెట్టకూడదనడానికి కారణమూ అదే, పగిలిపోతుంది. తరువాత గడ్డను పళ్లెంలో పెట్టి, ఒక చెంచా, కాసిని గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఉప్పు ఇచ్చి, లోపలున్న బొమ్మను బయటికి తీయమంటే చాలు. మా మనవడు ఒకసారి నలభై నిమిషాలు ఆ పని చేశాడు. అంతసేపు వాడు నిద్రలో తప్ప ఒకచోట ఉండడం నేను చూడలేదు. పెద్దపిల్లకు దారంతో గడ్డను లేపడం నేర్పాను. తడిపిన దారాన్ని మంచుముక్క మీద పరిచి, పైన ఉప్పు చల్లి, ఒకటి రెండు నిమిషాలు ఆగి ఎత్తితే ముక్క దారాన్ని అంటుకుని పైకి లేస్తుంది. ఉప్పు తగిలిన చోట మంచు కరుగుతుంది, ఆ నీరు చుట్టూ ఉన్న చలికి మళ్లీ గట్టిపడి దారాన్ని పట్టుకుంటుంది. ఒక జాగ్రత్త తప్పనిసరి. ఉప్పు కలిసిన మంచు మామూలు మంచు కంటే చల్లబడుతుంది కాబట్టి దాన్ని అరచేతిలో బిగించి పట్టుకోనివ్వకూడదు, చర్మం దెబ్బతింటుంది. జలుబు చేస్తుందేమోనని భయపడే పెద్దలకు చెప్పేదేమంటే, జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. ఆట అయ్యాక చేతులు తుడిచి, తడిసిన చొక్కా మార్చేస్తే సరిపోతుంది.

చల్లటి కిటికీ అద్దం మీద ఊపిరి ఊది వేలితో గీయడం కూడా ఆటే. దాన్ని ఎవరూ చేతిపనుల్లో లెక్కవేయరు గాని, అక్షరాలు దిద్దడమంటే బిక్కచచ్చిపోయే పిల్లలు అద్దం మీద ధైర్యంగా రాయడం నేను ఏళ్ల తరబడి చూశాను. తప్పు రాసినా పది క్షణాల్లో దానంతట అదే మాయమవుతుంది, దిద్దేవాళ్లకు అవకాశమే ఉండదు. గాలిలో తేమ తగ్గే రోజుల్లో మరో ఆట కుదురుతుంది. పొడిజుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో పదిసార్లు దువ్వి, చించిన కాగితపు ముక్కల దగ్గర పెడితే అవి లేచి దువ్వెనకు అతుక్కుంటాయి. వానాకాలంలో ఇదే పని చేసి చూడండి, ముక్కలు కదలవు. రెండు కాలాల్లోనూ చేయించి తేడా చూపిస్తే పిల్లలు మరచిపోరు.

నీడల ఆట నాకు అన్నిటికంటే ఇష్టమైనది. శీతకాలంలో సూర్యుడు ఆకాశంలో కిందుగా నడుస్తాడు కనుక నీడలు పొడుగు. పిల్లల బొమ్మనొకదాన్ని ఎండలో కాగితం మీద నిలబెట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దాని నీడ చుట్టూ వేరువేరు రంగులతో గీయించాలి. ఇంకా ఓపిక ఉన్నవాళ్లు కిటికీలోంచి ఇంట్లోకి పడే ఎండపొడ అంచున, వారానికొకసారి ఒకే వేళకు, నేల మీద టేపు ముక్క అతికించవచ్చు. భూమికి ఉత్తరార్ధంలో ఉన్నవాళ్లకు డిసెంబరు 21, 22 తేదీల వరకూ, దక్షిణార్ధంలో ఉన్నవాళ్లకు జూన్ 21 ప్రాంతం వరకూ మధ్యాహ్నపు ఎండ ఇంట్లోకి ఇంకా ఇంకా లోపలికి వస్తుంది, ఆ తరువాత వెనక్కి తగ్గడం మొదలవుతుంది. చలి తగ్గకముందే ఎండ వెనక్కి తిరిగిందని టేపు ముక్కలే చూపిస్తాయి. మా ఇంట్లో ఆ టేపు ముక్కలను తుడిచే మనిషి రెండుసార్లు పీకేసింది. అయినా మూడోసారి మొదలుపెట్టాం. చీకటి పడ్డాక దుప్పటి కట్టి టార్చిలైటు వెలిగిస్తే నీడల నాటకం ఎలాగూ ఉంటుంది.

పిండిముద్దల గురించి మీరు రాసింది బాగుంది గాని కొలతలు ఇవ్వలేదు. రెండు కప్పుల మైదాకు ఒక కప్పు ఉప్పు, రమారమి ఒక కప్పు నీళ్లు. నీళ్లు ఒకేసారి పోయకుండా చూసుకుంటూ పోయాలి. అర సెంటీమీటరు మందం దాటనివ్వకపోతే రెండు మూడు రోజుల్లో ఆరుతుంది. చలిరోజుల్లో ఇంకో రోజు పట్టవచ్చు, రోజుకొకసారి తిరగేయకపోతే అంచులు లేచిపోతాయి. దీనితో ఏనుగు చేయి, ఇల్లు చేయి అని చెప్పడం కంటే తాళంచెవి, ఎండుటాకు, దువ్వెన, చెప్పు అడుగు ఇలా దొరికిన వస్తువునల్లా దాని మీద అద్ది, ఏ అచ్చు ఏ వస్తువుదో కనుక్కోమనడం ఎక్కువ రక్తికడుతుంది. కాకపోతే ఈ ముద్దలో ఉన్నంత ఉప్పు పసివాళ్లకు, కుక్కలకు నిజంగా ప్రమాదకరం, పచ్చిపిండి తినడమూ మంచిది కాదు. నోట్లో పెట్టుకునే వయసు దాటని పిల్లలకు దీన్ని ఇవ్వకూడదు. మీ పేజీలో ఆ హెచ్చరిక లేకపోవడం నాకు కష్టం కలిగించింది.

ఊలు విషయంలో వయసు తేడా గమనించాలి. మూడేళ్లవాడికి ఊలుదారాన్ని అట్టముక్క చుట్టూ చుట్టడమే పెద్ద పని, చుట్టాక విప్పడం ఇంకా పెద్ద సంబరం. ఐదారేళ్లు వచ్చాక, అట్టముక్క పైఅంచునా కిందిఅంచునా గాట్లు పెట్టి నిలువు దారాలు బిగించి ఇస్తే, అడ్డదారాన్ని ఒకదాని పైనుంచి ఒకదాని కిందనుంచి పోనిచ్చి అల్లడం పట్టుబడుతుంది. కత్తెర కూడా అంతే. మూడేళ్ల వయసులో కాగితం అంచును టకటకా కొరికించడమే వస్తుంది, గీత వెంట కత్తిరించడం నాలుగు దాటాక, గుండ్రంగా కత్తిరించడం ఐదు దాటాక. చూసి గీయడంలో గుండ్రం మూడేళ్లకు, చతురస్రం నాలుగుకు, త్రికోణం ఐదుకు అటూఇటూగా వస్తాయి. పిల్లలందరూ ఈ లెక్కకు కట్టుబడి ఉంటారని కాదు. మూడేళ్లవాడికి త్రికోణపు టోపీ కత్తిరించమని రాసేముందు పేజీ తయారుచేసేవారు ఒకసారి గుర్తుచేసుకోవాలని.

ఇవన్నీ కూర్చుని చేసే పనులు. చలికి తలుపులు మూసుకున్న ఇంట్లో పిల్లలకు అసలు కరువయ్యేది పరుగు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తంమీద కనీసం 180 నిమిషాల కదలిక, అందులో 60 నిమిషాలైనా ఒగర్చేంత గట్టి ఆట ఉండాలని, తెర ముందు కూర్చునే సమయం గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. చేతిపనులు ఎంత మంచివైనా ఈ లెక్కలోకి రావు. అందుకని మీ పేజీలో సగం చోటు ఒంటి ఆటలకు ఇవ్వాలి. నేల మీద వంకరటింకరగా టేపు అతికించి దాని మీద నడవడం, దిండ్లను దీవులనుకుని ఒకదాని మీది నుంచి మరొకదాని మీదకు దూకడం, పీతలా వెనక్కీ ఎలుగుబంటిలా ముందుకూ నడవడం, పాత కాగితాలను ఉండలు చుట్టి బకెట్టులోకి విసరడం వంటివాటికి వేరే సరంజామా అక్కరలేదు. నున్నని గచ్చు మీద మేజోళ్లతో పరుగెత్తనివ్వకండి. పడతారు.

పెద్ద అట్టపెట్టె దొరికితే దాన్ని ఏమీ చేయకుండా గది మధ్యలో పెట్టి ఊరుకోవడం ఉత్తమం. ముందే ఒక రూపం లేని విడివస్తువులు ఎన్ని ఎక్కువగా ఉంటే పిల్లల కల్పన అంత సాగుతుందని సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ కళాకారుడు 1971లో ప్రతిపాదించాడు. ఆయన పేరు తెలియని మా మనుమలు కూడా ఆ పెట్టెను వారం రోజుల్లో ఓడగా, గుహగా, ఆస్పత్రిగా వాడుకున్నారు. చలిలో ఇంకా ఇష్టమైనది దుప్పటి గుడారం. రెండు కుర్చీలు, ఒక దుప్పటి, నాలుగు బట్టల క్లిప్పులు చాలు. లోపల ఏం జరుగుతోందో పెద్దలు తొంగిచూడకూడదన్నది మా ఇంటి నియమం. కాని ఆ గుడారం హీటరుకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. చలికి గది తలుపులన్నీ బిగించి నిప్పుల కుంపటి పెట్టుకోవడం అసలే కూడదు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పెద్దలకే తెలియకుండా ప్రాణం తీస్తుంది, ఆడి అలసి నిద్రపోయిన పిల్లల సంగతి చెప్పనక్కరలేదు.

మీ పేజీలో కాగితపు దీపంలో పెట్టమన్న బుల్లి బ్యాటరీ దీపాల గురించి ప్రత్యేకంగా రాయాలి. వాటిలో చాలావరకు గుండీ ఆకారపు బ్యాటరీలు ఉంటాయి. పిల్లవాడు ఒకటి మింగితే అది గొంతులో చిక్కుకుని రెండు గంటల్లోనే లోపలి కండరాన్ని కాల్చేయగలదు. అనుమానం వస్తే ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. బ్యాటరీ గది మూతకు మర లేని దీపాన్ని పసివాళ్ల ఇంట్లోకి రానివ్వకపోవడమే మేలు. నీటిలో నానితే ఉబ్బే రంగురంగుల జెల్లీ పూసలు కూడా అలాంటివే, కడుపులోకి పోతే అక్కడా ఉబ్బి పేగును అడ్డగిస్తాయి. బోరాక్స్ (వెలిగారం) కలిపి చేసే జిగటముద్దలను పసివాళ్ల చేతికి ఇవ్వవద్దు. ఊదని బెలూన్లు, పగిలిన బెలూన్ ముక్కలు ఎనిమిదేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డుపడగలవు. మూడేళ్లలోపు వాళ్లకు గుండీలు, పూసలు ఇవ్వవచ్చా అని సందేహం వస్తే, సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పూర్తిగా పట్టే వస్తువు ఏదైనా సరే ఇవ్వకూడదు. ఆటవస్తువుల పరీక్షకు చాలా దేశాల్లో వాడే కొలత దాదాపు అదే.

నేను కోరేది కొద్దిపాటి మార్పులే. ప్రతి చేతిపని పక్కన అది ఏ వయసు వాళ్లకో, అందులో పిల్లలు తమంతట తాము చేయగలిగేది ఎంతో, ఆరడానికి ఎంతకాలం పడుతుందో, ఏ ప్రమాదం ఉందో నాలుగు ముక్కలు వేయండి. తయారైన వస్తువు ఫొటోకు బదులు మొదటి మడత ఫొటో, లేదా పని మధ్యలో ఉన్న చేతుల ఫొటో వేయండి; చివరకు ఏమి వస్తుందో పిల్లలనే తేల్చుకోనివ్వండి. అచ్చుకు పంపేముందు ఒక్కసారైనా ఆ వయసు పిల్లవాడి చేత చేయించి చూడండి. పేజీకి వారానికి ఒకటే ఆట ఇచ్చినా ఫరవాలేదు.

ఈ ఉత్తరంతో పాటు మా మనవరాలు మీ పోయిన ఆదివారపు పిల్లల పేజీనే గుండ్రంగా కత్తిరించి చేసిన మంచుపువ్వును జతచేస్తున్నాను. రేకులు ఆరు. మడత పక్కకు జరగడం వల్ల ఒకటి పొట్టిగా వచ్చింది, ఇంకోదానికి అనుకోని చోట చిల్లు పడింది. ఆ చిల్లు మంచుమనిషి ముక్కు మీద పడిందని దానికి పట్టరాని సంతోషం. ప్రచురించేటట్టయితే దయచేసి దాన్ని సరిచేయకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత శిశుతరగతి ఉపాధ్యాయిని